రంగూన్‌లో దొరికిన చుట్టం

కొత్త ఉద్యోగం, కొత్త ఫోను ఒకేసారి చేతికొచ్చిన రోజుల్లో మనిషికి తనకు చేతకానిది లేదనిపిస్తుంది. గుంటూరులో నా మొదటి ఉద్యోగం నాటి సంగతి ఇది. (జీతం గురించి అడక్కండి.) శనివారం చీరాల వెళ్తే చాలు, మా నాయనమ్మ లేసు అల్లుతూ పాత పాటే ఎత్తుకునేది. ఆవిడ మేనత్త క్రైస్తవ మిషను బడిలో లేసు పని నేర్చుకుని, పెళ్లయ్యాక మొగుడితో కలిసి ఆ పని మీదే రంగూన్ వెళ్లిందట. జపానువాళ్ల యుద్ధం వచ్చి చాలామంది తిరిగొచ్చారు గానీ ఆవిడ రాలేదు. "అత్త ఏమైందో తెలీకుండానే పోతానేమోరా" అనేది నాయనమ్మ. నేను ఆగలేక, "నేనున్నాగా!" అన్నాను.

ఫేస్‌బుక్‌లో మా ఇంటిపేరు కొట్టి రంగూన్ అంతా గాలించాను. నెల తిరక్కుండానే ఒక తెలుగు కుటుంబం దొరికింది. అదే ఇంటిపేరు, పూర్వం చీరాల వైపు నుంచి వెళ్లినవాళ్లే, పైగా ఇంట్లో లేసు అల్లే ముసలావిడ! ఇంకేం కావాలి? ఆదివారం చర్చి నుంచి రాగానే వీడియో కాల్ కలిపాను. ఆవిడ మా నాయనమ్మను చూసి "అక్కయ్యా!" అని భోరుమంది. ఈవిడ కొంగుతో కళ్లొత్తుకుంది. అది మొదలు ప్రతి ఆదివారం ఇద్దరూ అల్లికలు ఫోనుకు చూపించుకుని ఒకరికొకరు వంకలు పెట్టుకోవడమే పని. నేను చుట్టాలందరి దగ్గరా కాలరెగరేసుకు తిరిగాను.

ఇంతలో నల్లపాడు నుంచి మా పెద్దత్త వచ్చి నా ఘనకార్యం విన్నది. "ఒరేయ్, మీ ఇంటిపేరు మా నాన్నదిరా. అమ్మ పుట్టింటిది వేరు. ఆ మేనత్త అత్తింటిది ఇంకా వేరు. నువ్వెవర్ని పట్టుకొచ్చావురా?" అంది.

రెండు పెళ్లిళ్ల అవతలున్న మనిషిని నా ఇంటిపేరుతో వెతికానన్నమాట. (డిగ్రీలో ఫస్టు క్లాసు నాది.) నీళ్లు నములుతూ వెళ్లి నాయనమ్మకు చెప్పాను.

"మొదటి రోజే తెలుసురా" అంది తాపీగా.

"మరి చెప్పలేదేం?"

"ఎట్టా చెప్పను? మావాళ్లెవరైనా మిగిలారా అని ఆ పిచ్చిది ఎన్నాళ్లనుంచి ఎదురుచూస్తోందో. అత్త దొరకలేదని నా ఏడుపు నేనేడుస్తా. దాన్నెందుకు ఏడిపించడం? నోరు మూసుకుని ఫోను కలుపు."

కలిపాను. కొన్నేళ్లకు మేనత్త జాడ తెలియకుండానే నాయనమ్మ వెళ్లిపోయింది. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే. రంగూన్ ఫోను మాత్రం ఆదివారం ఆదివారం మోగుతూనే ఉంది. "ఏరా మనవడా, బక్కచిక్కిపోయావు, మీ ఆవిడ అన్నం పెట్టట్లేదా?" అంటుంది ఆవిడ. బట్టతల, బానపొట్ట వచ్చేసిన నేను ఫోనుకు దగ్గరగా జరిగి, "పెడుతోంది నాయనమ్మా" అంటాను.