పారిపోయిన చెయ్యి

మా మేనత్త పోయిందన్న కబురు ఉదయగిరి నుంచి వచ్చే మొదటి బస్సు తెచ్చింది. ఆత్మకూరులో మేముండే ఇల్లు బస్టాండుకు దగ్గరే. కండక్టరు మా గుమ్మం దాకా నడిచొచ్చి, ఎలా మొదలుపెట్టాలో తెలియక టిక్కెట్ల పెట్టె ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ నిలబడ్డాడు. ముందురోజు సాయంత్రం అరుగు మీద కూర్చుని, పక్కింటావిడతో మాట్లాడుతూ మాట్లాడుతూనే పక్కకు ఒరిగిందట. మామ ధైర్యంగానే ఉన్నాడని అతను రెండుసార్లు చెప్పాడు. నేను చీర మార్చుకుని ఎదురు బస్సు ఎక్కాను.

ఆమెను మీలో చాలామంది ఎరిగి ఉండరు. ఉదయగిరి బజారులో అక్షరాలు కొంచెం పక్కకు వాలినట్టుండే దుకాణం బోర్డులు చూసినవాళ్ళు మాత్రం ఆ ఇంటి పని చూసినట్టే. అవి అలా ఎందుకు వాలాయో చెప్పాలంటే, మా అత్త వేసిన బొమ్మల సంగతి చెప్పాలి.

డెబ్బైల్లో నాకు ఉదయగిరి ఆడపిల్లల బడిలో టీచరుగా మొదటి ఉద్యోగం వచ్చింది. వేరే ఇల్లు చూసుకుంటానంటే అత్త ఒప్పుకోలేదు. వాళ్ళకు పిల్లల్లేరు. మామ బోర్డులు రాసేవాడు. దారం పట్టకుండా, సుద్దగీత గీయకుండా, నేరుగా బ్రష్షుతో సున్నా చుట్టేవాడు; ఆ సున్నా చూడడానికి జనం నిలబడేవాళ్ళు. మాటలో మాత్రం ఆ నున్నదనం ఉండేది కాదు. అత్త పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ పెరట్లో కూర్చుని ఆయనకు రంగులు కలిపేది. రంగు పలచనైతే అరుపు, చిక్కనైతే అరుపు. బ్రష్షు మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు. సాయంత్రమైతే ఆమె కిరోసిన్ గుడ్డతో చేతులు తుడుచుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళేది. ఆ వాసన లేకపోతే తనకు అన్నం సయించదని నవ్వేది.

నేను చేరిన మరుసటి ఏడు, ఒక ఉదయం మామ ముఖం కడుక్కుంటూ తొట్టి పక్కన కూలిపోయాడు. పక్షవాతం. నెల్లూరు ఆసుపత్రిలో ఉంచాం. తర్వాత అనుమసముద్రంపేట దర్గాకు తీసుకుపోయాం. కాలు కాస్త స్వాధీనమైంది. కుడిచెయ్యి రాలేదు, మాట రాలేదు. ప్రయత్నిస్తే మాట మెల్లమెల్లగా రావచ్చన్నారు డాక్టరు. మామ ప్రయత్నించలేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అత్త అన్నం కలిపి నోటికందిస్తే తినేవాడు, ఆమె ముఖంలోకి చూసేవాడు కాదు. నెలలు గడిచాయి.

ఒక ఆదివారం నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. అత్త మూలనున్న బోర్డు రేకు ఒకటి తెచ్చి, మామ కళ్ళకెదురుగా గోడకు ఆనించింది. తానొక పీట వేసుకుని బ్రష్షు పట్టుకుంది. బతుకు గడవాలి కదా, అక్షరాలు నేర్చుకుంటోంది కాబోలు అనుకున్నాను. మధ్యాహ్నానికి చూస్తే ఆ రేకు మీద ఒక ఇల్లు, ఇంట్లో మంచం, మంచం మీద కుడిచెయ్యి లేని మనిషి. ఆ చెయ్యి మణికట్టుకు సంచీ తగిలించుకుని, వేళ్ళనే కాళ్ళుగా చేసుకుని బజారులో నడిచిపోతోంది. వెనకాల జుట్టు విరబోసుకుని ఒక ఆడమనిషి పరిగెత్తుతోంది.

ఇదేమిటని అడిగాను.

“మీ మామ చెయ్యి, అమ్మణ్ణీ. అలిగి పోయినాది. వెతకొద్దా?”

మామ ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. ముఖం ఎర్రబడింది. పెదవులు వంకరపోతూ ఏదో కూడదీసుకున్నాడు. “బొ... బొట్...” అన్నాడు. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. బొమ్మలో ఆడమనిషికి బొట్టు లేదంటున్నాడనుకుని అత్త ఆత్రంగా ఎర్రరంగు ముంచి బొట్టు పెట్టింది. మామ తల అడ్డంగా ఊపాడు. ఎడమచేత్తో మంచాన్ని కొట్టాడు. చివరికి గొంతు చీల్చుకుని వచ్చినట్టు వచ్చింది ఆ మాట.

“బొటనేలు.”

అప్పుడు చూశాం. నడిచిపోతున్న చేతికి బొటనవేలు అవతలివైపు ఉంది. అంత గొప్ప పనివాడి చేతిని అలా తప్పుగా వేస్తే ఆయనకు ఓర్చుకోవడం కష్టమైంది. అత్త నేలమీద కూలబడి, కళ్ళల్లోంచి నీళ్ళు కారేదాకా నవ్వింది. సరైన చోట ఇంకో బొటనవేలు వేసింది. పాతదాన్ని చెరపబోతే నేనే వద్దన్నాను. దూరం పొయ్యే చేతికి ఒక వేలు ఎక్కువున్నా మంచిదేలే అనుకుని ఆమె కూడా ఊరుకుంది.

ఆమె కావాలనే తప్పు వేసిందని, మొగుడికి మాట తెప్పించడానికి పన్నిన ఉపాయమని తర్వాత ఊళ్ళో చెప్పుకున్నారు. అత్తను అడిగితే తేలిగ్గా కొట్టిపారేసింది. తనకు చెయ్యి వెయ్యడం రాదు, అందుకని అట్లా వచ్చింది, అంతే.

ఆ తర్వాత వారానికో, రెండు వారాలకో ఒక రేకు. రెండోదానిలో చెయ్యి బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. వెతికే ఆడమనిషి జడ రోడ్డంత పొడుగు పెరిగి, కొస బస్సు వెనక నిచ్చెనకు ముడిపడింది. బస్సు ఆమెను లాక్కుపోతోంది. ఇంకోదానిలో చెయ్యి దర్గాలో జనం మధ్య ఊదొత్తులు వెలిగిస్తోంది. దాని అలికిడి వినడానికి ఆ మనిషికి చేటలంత చెవులు వచ్చాయి. ఊరి పక్కనున్న దుర్గం కొండ ఎక్కేటప్పుడు ఆమె పాదాలు మేక గిట్టలయ్యాయి. మామ ప్రతి బొమ్మకూ ఏదో ఒక తప్పు పట్టేవాడు. ఒక్కో తప్పుకు ఒక్కో మాట. “చక్రం.” “నీడ.” “పచ్చ ఎక్కువ.” తిట్లు తిన్న ప్రతిసారీ అత్త ముఖం వెలిగేది. మాకు బడిలో లేని చదువు అక్కడ జరుగుతోందనిపించేది నాకు.

వింజమూరు నుంచి మామ అన్నగారు చూడవచ్చాడు. మంచి మనిషే, తమ్ముడి మీద ప్రేమ ఉన్నవాడు. రేకులు చూసి ఆయన ముఖం నల్లబడింది.

“ఏందమ్మాయ్ ఇది? అవిటోడిని చేసి గోడకు పెడతావా? నలుగురూ వచ్చిపొయ్యే ఇల్లు.”

అత్త తల దించుకుంది. ఆయన లేచి ఒక్కొక్క రేకునూ గోడవైపు తిప్పేశాడు. మంచం మీద నుంచి మామ, “తిప్పు, అన్నా” అన్నాడు. ఆ అన్నగారికి తమ్ముడి గొంతు విని ఎంతకాలమైందో. మాట రాదని ఎవరో చెబితే నమ్మి వచ్చినవాడు, రేకు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మామ మళ్ళీ అన్నాడు: “ఇట్టా తిప్పు. నేను చూడాల.” అన్నగారు కళ్ళు తుడుచుకుంటూ అన్నిటినీ ఇవతలికి తిప్పి వెళ్ళాడు.

ఆ బొమ్మల్లో పెన్న ఒడ్డునున్న సంగం ఊరి బొమ్మ ఒక్కటే మమ్మల్ని భయపెట్టింది. దానిలో చెయ్యి లేదు. పెన్న నిండుగా పోతోంది. గట్టున ఆ ఆడమనిషి మనకు వీపు పెట్టి నిలబడింది. ఆమె చీర కుచ్చెళ్ళు పడవగా మారి అప్పుడే నీళ్ళలోకి దిగాయి. ఆమె వెనక ఇవతలి గట్టు అంతా ఖాళీ. మామ ఆ రోజు ఏ తప్పూ పట్టలేదు. అన్నం ముట్టలేదు.

పెరట్లో నేను అడిగితే అత్త చెప్పింది. పెళ్ళయిన మూడు నాలుగేళ్ళకు, ఆయన అరుపులు పడలేక ఒకరోజు బస్సెక్కి సంగం దాకా పోయిందట. ఆనకట్ట దగ్గర పొద్దువాలే దాకా కూర్చుని తిరిగొచ్చేసిందట. ఆయనకు తెలియనే తెలియదు.

“ఎందుకు తిరిగొచ్చినావత్తా?”

“పొయ్యేందుకు కారణం ఉండింది, అమ్మణ్ణీ. వచ్చేందుకు ఏమీ లేదు. అయినా వచ్చినాను.” రంగు కలుపుతూ మళ్ళీ అంది: “ఆయన్ని సాధించాలని వెయ్యలా. వెతుక్కుంటా పొయ్యే మనిషి ఆ దారిన పోకుండా ఎట్లా ఉంటాది? వేసినాక చూసి నేనే బెదిరినాను.”

మరుసటి ఉదయం నేను లేచేసరికి మామ మంచం మీద లేడు. గోడ పట్టుకుని తానే నడిచి, సంగం బొమ్మ ముందు పీట మీద కూర్చున్నాడు. ఎడమచేతిలో బ్రష్షు. దారం పట్టకుండా సున్నా చుట్టిన మనిషి చంటిపిల్లాడిలా నాలుక బయటపెట్టి గీస్తున్నాడు. ఖాళీగా ఉన్న ఇవతలి గట్టు మీద ఒక వంకర మంచం వచ్చింది. దాని మీద ఒక మనిషి వచ్చాడు. పడుకుని లేడు. లేచి కూర్చుని, కాళ్ళు కిందికి దించాడు.

అత్త కాఫీ గ్లాసుతో వచ్చి చూసింది. మామ ఆమె ముఖంలోకి చూశాడు.

“నేను గూడా వస్తా” అన్నాడు. “ఉండు.”

ఆమె గ్లాసు కింద పెట్టి ఆయన పక్కన నేలమీద కూర్చుంది. నేను బయటికి వచ్చేశాను. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

ఆఖరి రేకు ఇద్దరూ కలిసి వేశారు. దుర్గం మీద చెయ్యి దొరికింది. అక్కడ పిల్లలతో గాలిపటం ఎగరేస్తోంది. వెళ్ళిరమ్మన్నట్టు ఊగుతోంది తప్ప దిగి రావడం లేదు. కింద ఆ ఆడమనిషి, ఆమె భుజం పట్టుకుని మామ. ఆమెకు గిట్టలు తీసేసి పాదాలు పెడదామని మామ పట్టుబట్టాడు. అత్త ససేమిరా అంది.

“ఇంత దూరం నడిచినాక పాత కాళ్ళు యాడినుంచి వస్తాయి? ఉండనీ. ఇవే బాగుండాయి.”

అప్పటి నుంచి బోర్డులు మామ ఎడమచేత్తో రాశాడు. అక్షరాలు పక్కకు వాలాయి. పెద్ద అక్షరాలు ఆయనవి, అంచులూ పూలూ అత్తవి. ఇద్దరూ బజారులోనే, జనం చూస్తుండగా పక్కపక్కన కూర్చుని రాసేవాళ్ళు. మామకు కోపం పోయిందని చెప్పలేను. రంగు పలచనైతే అప్పటికీ కేకే. తేడా ఏమిటంటే, ఆమె కూడా తిరిగి కేకేసేది; ఆయన నవ్వేవాడు. నేను బడి పిల్లల్ని తీసుకుపోయి ఆ రేకులన్నీ వరసగా చూపించాను. ఒక పిల్ల, ఇది నిజంగా జరిగిందా టీచర్ అని అడిగితే, నేను జవాబు వెతుక్కునేలోపే అత్త జరిగింది తల్లీ అని చెప్పేసింది. పెళ్ళయి నేను ఆత్మకూరు వచ్చాక కూడా, నాకు ధైర్యం తగ్గిన రోజుల్లో ఆ గిట్టల మనిషే గుర్తొచ్చేది.

దహనం అయిన మరునాడు అరుగు మీద మామ దగ్గర కూర్చున్నాను. ఎండ ఎక్కుతోంది. ఎదురింటి గోడకు ఒక రేకు ఆనించి ఉంది. తాను పోయిన రోజు మధ్యాహ్నం అత్తే దానికి తెల్లరంగు పూసి అక్కడ పెట్టిందట. ఇంకా ఏమీ వేయలేదు. దుమ్ము పడుతోంది కదా, లోపల పెట్టనా అని అడిగాను.

“వద్దులే” అన్నాడు మామ. “ఇంకా ఆరలా.”

మేతకు పోతున్న మేకలమంద వీధిలోకి వచ్చింది. ఒక్కొక్క మేక నీడా ఆ తెల్లటి రేకు మీదికి ఎక్కి, కొమ్ములూ చెవులూ సాగదీసుకుని, అవతలి అంచున దిగి వెళ్ళిపోతోంది. మంద అంతా దాటేదాకా మామ కన్నార్పకుండా చూస్తూ కూర్చున్నాడు. ఒడిలో ఆయన ఎడమచేతి వేళ్ళు మెల్లగా కదులుతున్నాయి.