బాపు అన్‌ఫిట్ కావలసిన ఏడాది

మా బాపు చేతిలోంచి టీ గ్లాసు జారి పడిన రోజు నేను సంతోషించాను. ఇది ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది కాబట్టి ముందే రాసేస్తున్నాను. గ్లాసు పగిలింది, వేడి టీ ఆయన పాదాల మీద పడింది, అమ్మ గుడ్డ కోసం లోపలికి పరిగెత్తింది. నేను మాత్రం కూర్చున్న చోటునుంచి కదలకుండా ‘హమ్మయ్య, మొదలుపెట్టాడు’ అనుకున్నాను.

గోదావరిఖనిలో పెరిగినవాళ్లకు దీన్ని విప్పి చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. బొగ్గుబాయిలో పనిచేసే మనిషి జబ్బుపడి ఇక పనికి రాడని మెడికల్ బోర్డు తేలిస్తే, ఆయన్ని ‘అన్‌ఫిట్’ చేసి ఆయన కొడుక్కి ఉద్యోగం ఇచ్చేవాళ్లు. కాకపోతే రిటైర్మెంటుకు ఇంకా కొంత సర్వీసు మిగిలి ఉండగానే అది జరగాలి. ఆ గడువు దాటాక ఎంత జబ్బు చేసినా కొడుక్కి ఒరిగేదేం లేదు. అందుకే మా కాలనీలో గడువు దగ్గరపడుతున్న మగవాళ్లకు ఉన్నట్టుండి నడుములు పట్టేసేవి, చూపు మందగించేది, సొంత పిల్లల పేర్లు మరుపుకు వచ్చేవి. వాళ్లలో నిజంగా జబ్బున్నవాళ్లూ ఉండేవాళ్లు. ఎవరు ఏ రకమో ఇంట్లో ఆడవాళ్లకు తప్ప తెలిసేది కాదు.

తెలంగాణ రావడానికి ఇంకా ఆరేడేళ్లు ఉంది. నేను డిగ్రీ పాసై నాలుగేళ్లయింది. రాయని పరీక్ష లేదు, తొక్కని గడప లేదు. ఇంట్లో కాలు నిలిచేది కాదు. చౌరస్తా దాకా వెళ్లి, హోటల్లో పేపరు తిరగేసి, ఇంటికి వచ్చి, నీళ్లు తాగి మళ్లీ చౌరస్తాకే వెళ్లేవాణ్ని. అమ్మ ఏదడిగినా విసుక్కునేవాణ్ని. కంపెనీ పుస్తకంలో బాపు వయసు యాభై ఏడు. అది పనిలో చేరిన రోజున ఎవరో ఆయన్ని ఎగాదిగా చూసి రాసిన వయసు. మా నానమ్మ లెక్క ప్రకారం అరవై మూడు దాటింది. తట్టా, చెమ్మస్ అనే పెద్ద పారా పట్టి, పట్టాల మీది టబ్బుల్లోకి బొగ్గు నింపుతూ ముప్పై ఏళ్లు పైన గడిపాడు. గడువుకు ఇంకా ఏడు నెలలుంది. నాకు తెలిసిన లెక్క ఆ ఏడు నెలలే.

మా ఎదురు క్వార్టర్లో ఉండే, నేను బాబాయి వరసతో కాక అని పిలిచే ఆయన అంతకుముందే అన్‌ఫిట్ అయ్యాడు. ఆయన కొడుకు అప్పటికే డ్యూటీకి పోతున్నాడు, ఆయనేమో పొద్దున్నే చేతులూపుకుంటూ గోదావరి ఒడ్డు దాకా నడిచి వచ్చేవాడు. ఒకరోజు ఆయన్ని నేనే బతిమాలి మా ఇంటికి తీసుకొచ్చాను.

“మొదలు తిండి తగ్గియ్యాలె అన్నా,” అన్నాడు కాక. “నడుస్తుంటె కాలు ఈడ్వాలె. డాక్టరు సారు ఏదడిగినా జల్ది చెప్పొద్దు. ఇగో, గిట్ల పైకి చూసుకుంట ఉండాలె.” అదెలాగో నిలబడి చేసి కూడా చూపించాడు.

బాపు అంతా విని, “నాకు నిజంగనే చేతులల్ల సత్తువ లేదు తమ్మీ,” అన్నాడు. “పదిహేను దినాలాయె. ఏమైతుందో తెలుస్తలేదు.”

కాక నా భుజం మీద చరిచాడు. “చూసినవా? నేర్పకముందే వచ్చింది మీ బాపుకు!”

మేమిద్దరం పడీ పడీ నవ్వాం. బాపు ఒకసారి కాక మొహం, ఒకసారి నా మొహం చూసి లేచి లోపలికి వెళ్లాడు.

ఎండలు ముదిరాయి. బాపు రోజురోజుకీ తగ్గిపోయాడు. బెల్టుకు మేకుతో కొత్త బెజ్జాలు పొడుచుకున్నాడు, ఒకటి, తర్వాత ఇంకొకటి. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది. చొక్కా గుండీ పెట్టుకోవడానికి గోడకు ఆనుకునేవాడు. కంపెనీ దవాఖానలో రక్తం చూశారు, మూత్రం చూశారు, ఛాతీకి ఫోటో తీశారు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. కరీంనగర్ తీసుకెళ్లాను, హైదరాబాద్ తీసుకెళ్లాను. ఒకరు నరాలన్నారు, ఒకరు పొట్ట అన్నారు, చివరికి ఇద్దరూ బలానికి మందు రాశారు. ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకుని బస్సుల వెంట తిరిగింది నేనే. నార్మల్ అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. బాపుకు ఏం జబ్బో తెలియలేదని కాదు, బోర్డు ముందు పెట్టడానికి కాగితం దొరకలేదని.

ఒక మధ్యాహ్నం ఆయన రెండు ముద్దలు తిని పళ్లెం జరిపాడు. ఊరి పక్క ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగి అటక మీది గిన్నెలు గలగలమన్నాయి. నాకు ఎందుకో చిర్రెత్తుకొచ్చింది.

“ఇంట్ల ఎవరు చూస్తున్నరు బాపు?” అన్నాను. “ఇక్కడన్న మంచిగ తిను.”

ఆయన పళ్లెం మళ్లీ దగ్గరికి లాక్కుని ఇంకో ముద్ద కలిపాడు. అది నోట్లో పెట్టుకుని మింగలేక చాలాసేపు కూర్చున్నాడు.

“కండ్లు కనవడ్తలేవా నీకు?” అంది అమ్మ. “మనిషి ఎట్లయిండో చూస్తలేవా?”

నేను ఒంటికాలి మీద లేచాను. నీకేం తెలుసు, నాకు నౌకరి రావద్దా అని ఏదేదో అరిచి, చెప్పులు తొడుక్కుని మళ్లీ చౌరస్తాకు పోయాను.

మాది క్రైస్తవ కుటుంబం. ఆ ఆదివారం చర్చిలో బాపు పేరు చెప్పి ప్రార్థన చేయిస్తానంది అమ్మ. ఈ సంగతి తెలిసి కాక పరుగున వచ్చాడు. “బోర్డు అయ్యేదాక ఆగు వదినె. గంతమంది కలిసి ప్రార్థన చేస్తే నయమైతె ఎట్ల?”

“నయమైతె నీకేం బాధనయ్యా?” అని అమ్మ కొంగు తలమీదికి లాక్కుని వెళ్లిపోయింది.

చర్చిలో అందరూ ఆయన కోసం మోకరించారు. నేనూ మోకరించాను. చివర ఆమెన్ అనలేదు. ఎక్కడ ఫలిస్తుందోనని భయం వేసింది. ఇంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి నా జీవితంలో ఇంకోటి లేదు.

వానలు పడ్డాక నాలో ఇంకో పురుగు దొలవడం మొదలుపెట్టింది. మరీ అతి చేస్తున్నాడేమో, బోర్డులో దొరికిపోతాడేమో అని. ఎవరూ చూడనప్పుడు ఎలా నడుస్తాడో చూడాలనిపించింది. మొదటి షిఫ్టు బస్సు తిరిగి వచ్చే వేళకు రోడ్డు పక్క పంపుహౌసు వెనక నిలబడ్డాను.

బస్సులోంచి బాపు అందరికంటే చివర దిగాడు. మిగతావాళ్లు మాట్లాడుకుంటూ వెళ్లిపోయారు. ఆయన మోరీ కాలవ గట్టు మీద కూర్చుని, మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు. పావుగంట అలాగే ఉన్నాడు. సన్నగా తుంపర పడుతోంది, తుడుచుకోలేదు. లేవబోయి మళ్లీ కూలబడ్డాడు. రెండోసారి లేచి ప్రహరీ గోడ పట్టుకున్నాడు. గోడ వెంట ఒక్కో అడుగూ వేసుకుంటూ మా క్వార్టర్ల లైను మలుపు దాకా వచ్చాడు, కనబడకుండా వెనకే నేనూ. అక్కడ ఆగాడు. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు, చొక్కా సవరించుకున్నాడు, గోడ వదిలేసి నడుము నిటారుగా చేశాడు. ఆ మలుపు నుంచి మా ఇంటికి పదకొండు క్వార్టర్లు. పదకొండూ మామూలు మనిషిలా నడిచి దాటాడు. దారిలో ఎవరో పలకరిస్తే “తిన్నరా?” అని నవ్వుతూ అడిగాడు కూడా.

జబ్బు నటించేవాణ్ని చూద్దామని వెళ్లాను నేను. ఆయన బాగున్నట్టు నటిస్తున్నాడు. అమ్మ బెంగపడకూడదని, లైనులో నలుగురూ నవ్వకూడదని, ఇంకా నాకు తెలియని ఏ కారణానో. నేను ఇంటికి వెళ్లేసరికి గచ్చు మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. “వచ్చినవా బిడ్డా,” అన్నాడు, తిరగకుండానే.

ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. ఆయన్ని బాయిలోంచి ఎలాగైనా బయటికి తేవాలి. సిక్ లీవు రాయించాను. మళ్లీ దవాఖానలు, మళ్లీ రక్తం, మళ్లీ నార్మల్. కనబడిన ప్రతివాణ్నీ పట్టుకుని “మా బాపుకు నిజంగనే బాగలేదు” అని చెప్పాను. “గట్లనే చెప్పాలె,” అని మెచ్చుకున్నారు. బోర్డు ఒక్కటే మిగిలింది. అన్‌ఫిట్ అన్న ఆ ఒక్క మాట వస్తే ఆయనకు బాయి తప్పుతుంది. ఉద్యోగం సంగతి మరిచిపోయానని మాత్రం అబద్ధం చెప్పను. రెండూ కలిసే తిరిగేవి నా తలలో.

బోర్డు రోజు నన్ను లోపలికి రానివ్వలేదు. తలుపు ఓరగా ఉంది. ముగ్గురు డాక్టర్ల ముందు బాపు నిటారుగా నిలబడ్డాడు. మలుపు దగ్గర చూసిన నిలబడడమే అది.

“ఏం ఇబ్బంది ఉంది?” అన్నారు ఒకరు.

“ఏం లేదు సార్. మంచిగనే ఉన్న.”

“బాగా చిక్కిపోయావు కదా?”

“తిండి తగ్గించిన సార్. షుగర్ వస్తదని.”

ఆ డాక్టరు కాగితాలన్నీ తిరగేశారు. కళ్లజోడు తీసి మళ్లీ మెల్లగా అడిగారు, “నిజం చెప్పు పెద్దాయనా, పని చేయగలవా?”

“చేస్త సార్.”

ఫిట్ అన్నారు. వయసు చూసి, బాయి లోపలికి వద్దని పైన తేలిక పని రాశారు. అంతకంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

బస్టాపు దాకా ఆయనకు ముందుగా విసవిసా నడిచాను. బస్సెక్కాక ఆగలేకపోయాను. “ఎందుకట్ల చెప్పినవ్ బాపు? మంచిగ లేవు కద!”

ఆయన ముందు సీటు కడ్డీ పట్టుకున్నాడు. “రోగం ఉన్నదని నా నోటితోని చెప్తె ఉన్నదైతది కద బిడ్డా,” అన్నాడు. “ఏం లేదు, ఏం లేదు అనుకుంటనే ఇన్ని దినాలు నడిచిన. ఆళ్ల ముందటికి పొయ్యేసరికి భయమైంది.” నావైపు తిరిగి, “నీ నౌకరి పోగొట్టిన. తప్పయింది,” అన్నాడు.

నౌకరి పోతే పోయింది బాపు అనాలి. అనలేదు. కిటికీలోంచి రామగుండం పొగగొట్టాల వైపు చూస్తూ కూర్చున్నాను. నాకు అప్పటికీ కోపంగానే ఉంది.

తర్వాత ఎనిమిది నెలలు బాపు డ్యూటీకి పోయాడు. ఇప్పుడు రోజూ బస్సు దగ్గరికి నేనే వెళ్లేవాణ్ని. మలుపు దాకా నా భుజం పట్టుకునేవాడు, అక్కడ వదిలేసేవాడు. నేను రెండడుగులు వెనక నడిచేవాణ్ని. మే నెలలో ఒక పొద్దున డ్యూటీకి తయారై, బూట్లు తొడుక్కోవడానికి గడపలో కూర్చున్నాడు. అమ్మ అన్నం డబ్బా తెచ్చేసరికి తలుపుకు ఒరిగి ఉన్నాడు. ఏ జబ్బో చివరికీ తేలలేదు.

సర్వీసులో ఉన్న మనిషి చనిపోయినా కొడుక్కి ఉద్యోగం ఇస్తారు. అది వేరే రూలు, దానికి గడువు అడ్డురాదు. అలా నాకు ఉద్యోగం వచ్చింది. చేరేముందు పరీక్షకు అదే దవాఖానకు పిలిచారు. కుర్ర డాక్టరు ఒకాయన ఫారం నింపుతూ మీ నాన్నగారు దేనితో పోయారని అడిగాడు.

“తెల్వది సార్,” అన్నాను.

“ఎన్నాళ్లు జబ్బుగా ఉన్నారు?”

నేను వేళ్ల మీద నెలలు ఎంచాను. నేను నమ్మిన రోజు నుంచి లెక్కపెడితే పది నెలలు. చేతుల్లో సత్తువ లేదని ఆయన కాకతో తన నోటితో చెప్పిన రోజు నుంచి అయితే ఇంకో నాలుగు. డాక్టరు పెన్ను పట్టుకుని నావైపే చూస్తున్నాడు.

“పద్నాలుగు నెలలు సార్,” అన్నాను.

ఆయన అది రాసుకుని, చొక్కా విప్పమన్నాడు.