ఇంజన్‌కు పెట్టిన బొట్టు

మా మామ ఆదోనిలో పత్తి వ్యాపారి. దూదిని వేళ్ల మధ్య పీకి చూసి దాని మంచీచెడూ చెప్పేస్తాడని ఆయనకు పేరు. ఆ పేరు తలకెక్కి, లోకంలో ఏదైనా వేళ్లతో నలిపితే తెలిసిపోతుందని నమ్మేవాడు. అందుకే ఆ విజయదశమి పొద్దున కారు మొరాయించగానే కాస్త పెట్రోలు తీయించి వేళ్లకు రాసుకుని చూశాడు. "మంచిదే" అన్నాడు. కారు మాత్రం ఆయన మాట వినలేదు.

అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం రాలేదు, పెట్రోలుకు కరువు లేదు. నాకు పెళ్లయ్యాక అదే మొదటి దసరా. ఎమ్మిగనూరులో మా అమ్మ పొద్దుటినుంచీ వీధి గుమ్మంలోనే నిలబడి ఉంటుందని నాకు తెలుసు. బస్సులో పోతానంటే మామ ఒప్పుకోడు. కోడలిని బస్సెక్కిస్తే బజారులో ఆయన తల ఎత్తుకోలేడట! మర్నాటినుంచి కారు పత్తి బేరాలకు ఊళ్లు తిరగాలి. ఆ రోజు వెళితే వెళ్లినట్టు, లేదంటే ఉగాది దాకా అమ్మ ముఖం చూసేది లేదు. పట్టుచీర కట్టుకుని, తలనిండా కనకాంబరాలతో, తలుపు వెనక ఏడుపు బిగబట్టుకుని నిలబడ్డాను.

మా ఆయన కారు ముందు హ్యాండిల్ దూర్చి తిప్పితే ఇంజన్ లేచింది, కానీ కుంటుతూ లేచింది. డుగ్ డుగ్ మని, దగ్గి, కాసేపు ఆలోచించి మళ్లీ డుగ్ మనేది. కారంతా చలిజ్వరం వచ్చినట్టు వణికింది. నిన్నటిదాకా శుభ్రంగా నడిచిన బండి. దిష్టి తగిలిందని మామ నిమ్మకాయ కట్టించాడు. మా ఆయన కార్బురేటర్ ఊడదీసి, ఊది, మళ్లీ బిగించాడు. నిమ్మకాయకూ ఊదుడుకూ ఫలితం ఒక్కటే.

చివరికి మా ఆయన కట్టె పిడి ఉన్న స్క్రూడ్రైవర్ తీశాడు. ఇంజన్ మీద నాలుగు ప్లగ్గులు. ఒక్కోదానిలో నిప్పురవ్వ పడితేనే దాని కింద పెట్రోలు మండుతుంది. ఇంజన్ ఆడుతుండగా ప్లగ్గు తలనూ కింది ఇనుమునూ స్క్రూడ్రైవర్‌తో కలిపితే కరెంటు పక్కదారి పట్టి ఆ ప్లగ్గు ఆరిపోతుంది. మంచి ప్లగ్గయితే కుంటు ఇంకా ఎక్కువవుతుంది. ముందే చచ్చిందయితే ఏ తేడా ఉండదు. అలా చూస్తే ముందు రెండూ బతికే ఉన్నాయి, వెనక రెండూ చచ్చాయి.

"ప్లగ్గులు పోయినాయి. బళ్లారి నుంచి తెప్పియ్యాల" అన్నాడు మా ఆయన, ఇంజన్ ఆపి.

బళ్లారి మాట వినగానే నా ప్రాణం ఉసూరుమంది. మామ ఆకువక్క కోసం లోపలికి పోవడం చూసి, గబగబా బయటికొచ్చి బానెట్‌లోకి వంగాను. వెనక ప్లగ్గుల తెల్లటి పింగాణీ మీద తల నుంచి కింది ఇనుము దాకా నిండుగా తడి గంధం గీతలు, నడుమ కుంకుమ. ముందు ప్లగ్గులకు చిన్న చుక్కలే.

అది మా అత్త పని. ఆయుధపూజ నవమినాడే అయిపోయినా, కోడలు పుట్టింటికి పోయే బండి కదా అని ఆ పొద్దున మళ్లీ పూజ చేసింది. వెనకనుంచి మొదలుపెట్టి చెయ్యారా పూసుకుంటూ వచ్చేసరికి గిన్నెలో గంధం అయిపోయింది. "ఇంతేనా అరగదీసింది?" అని నన్ను తిట్టింది కూడా. నా బద్ధకమే రెండు ప్లగ్గులను కాపాడిందన్నమాట.

"ఇదో, మీరు స్క్రూడ్రైవర్‌తో చేసిన పనే అత్త గంధంతో చేసినట్టుందే!" అన్నాను మా ఆయనతో మెల్లగా.

ఆయన ఒకసారి నన్నూ, ఒకసారి ప్లగ్గులనూ చూసి గుడ్డ అందుకున్నాడు. అంతలో వరండాలోంచి అత్త కేక.

"ఏం పని రా అది! ముత్తైదువలుండే ఇంట్లో, పండగనాడు కుంకుమ తుడుస్తావా? తియ్యి సెయ్యి!"

మా ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కార్బురేటర్‌తో పోట్లాడగలడు కానీ వాళ్లమ్మతోనా! మామ గుమ్మం దాకా వచ్చి, సంగతి విని, అంగట్లో ఏదో పని గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఉపాయమూ తట్టింది.

"తుడిచేది ఏంటికి అత్తా? పూజ అయిపాయ కదా, ప్రసాదం తీసుకుందాం" అంటూ ప్లగ్గు మీది గంధం గోటితో తీసి నా గొంతుకు రాసుకున్నాను. కుంకుమ వేలికి అద్ది అత్త ముందు నిలబడ్డాను.

"ఇంజన్ ప్రసాదమా?" అంది అత్త అనుమానంగా. కానీ బొట్టు పెట్టడానికి చెయ్యి చాస్తే ఏ ముత్తైదువ వద్దంటుంది? తల వంచింది. వేడుక చూడవచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్లూ వరసగా నిలబడి నుదురు చూపారు. అందరికీ పెట్టేసరికి ప్లగ్గులు బోసిపోయాయి. మిగిలిన తడిని మా ఆయన పెట్రోలు గుడ్డతో ఒత్తుతుంటే అత్త అటు తిరిగి ఆకాశం చూసింది. ఆ తిరగడం కావాలనే తిరిగింది, నాకు తెలుసు.

హ్యాండిల్ తిప్పగానే కారు నాలుగు ప్లగ్గులతో హాయిగా పాడింది.

ఎమ్మిగనూరులో అమ్మ నేననుకున్నట్టే గుమ్మంలో ఉంది. పరుగున వచ్చి నా గొంతు మీద ఆయిల్ కలిసిన నల్లటి గంధం చూసి, "ఏందే ఈ మసి?" అని కొంగు పైకెత్తింది.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "తుడవొద్దమ్మా. నన్ను ఈడికి తెచ్చింది అదే" అన్నాను నవ్వుతూ.

నవ్వు సగంలో ఉండగానే, పొద్దుటినుంచి బిగబట్టిన ఏడుపు తన్నుకొచ్చింది. అమ్మ నన్ను గట్టిగా దగ్గరికి తీసుకుంది. ప్రసాదంలో సగం ఆమె రవికెకు అంటుకుంది.