మిల్లు కాటా మీద మా అన్న

ఆళ్లగడ్డ శివార్లలో, నంద్యాల రోడ్డు మీద ఒక వడ్ల మిల్లు ఉంది. మా నాయన అక్కడ ఇరవై ఏళ్లుగా కాటా దగ్గర కూర్చుంటున్నాడు. హమాలీలు బస్తా తెచ్చి కాటా మీద పెడతారు. ఎర్ర అంకెలు వెలుగుతాయి. నాయన ఆ అంకెను పైకి చదువుతాడు, పక్కనున్న గుమాస్తా రాసుకుంటాడు. ఆయన చదివిన అంకెను రెండోసారి చదవమని ఎవరూ అడగరు. గోస్పాడు వైపు నుంచి కూడా రైతులు ఆ మిల్లుకే వస్తారు. కాటా మీద ఆయన ఉన్నాడు కదా అంటారు.

ఆదివారం మిల్లు నడవదు. మూడేళ్ల కింద, వేసవికి ముందు, ప్రతి ఆదివారం చర్చి అయ్యాక నేనూ మా అన్నా అక్కడికి వెళ్లి ఆ కాటా ఎక్కేవాళ్లం. మా అన్న అరవై అయిదు కిలోలు తూగాలి. మాకు కావలసింది అంతే.

మేమిద్దరం కబడ్డీ ఆడేవాళ్లం. ఇద్దరం పొట్టి, ఇద్దరం సన్నం. కాలేజీ గ్రౌండులో మాతో ఆడేవాళ్లంతా రైతుల పిల్లలు, భుజాలున్నవాళ్లు. మేము వస్తుంటే దూరం నుంచే మొదలుపెట్టేవాళ్లు.

"గాలి తోలితే వీళ్లిద్దర్నీ గుంజకు కట్టేయాల్సొస్తదప్పా."

"ఒక చొక్కాలో ఇద్దరూ పడతారు కదరా, రెండెందుకు కుట్టిచ్చినారు?"

ఆట మొదలయ్యాక ఈ మాటలు ఆగేవి. మా అన్న కూతకు వెళ్తే ఆరుగురు కలిసినా ఆపలేకపోయేవాళ్లు. చీలమండ పట్టుకుంటే కాలు మెలితిప్పి జారిపోయేవాడు. సన్నగా ఉండడమే వాడి ఆట. నేను వాడిలో సగం కూడా ఆడలేను. వాడు బాగా ఆడుతున్నాడని చెప్పగలిగినంత ఆట మాత్రం నాకు వచ్చు.

మాకు ఆట నేర్పిన కోచ్ సారు నంద్యాలలో ఉండేవాడు. టీవీలో వచ్చే లీగులో ఆడే ఒక జట్టు కొత్తవాళ్ల కోసం నంద్యాలకే వస్తోందని ఆయనే చెప్పాడు. మూడు నెలల గడువుంది.

"అరవై అయిదు లేనోణ్ని మ్యాట్ కూడా ఎక్కనీరంట. ఎంతుండావ్ రా నువ్వు?"

"ఉంటా సార్ అంత."

"ఉంటా అంటే కాదు. కాటా ఎక్కి చెప్పు."

ఆ ఆదివారమే మొదటిసారి మిల్లు కాటా ఎక్కాం. నాయన బల్ల వెనక తన చోటులో కూర్చుని, బస్తాలకు చదివినట్టే చదివాడు. "అరవై మూడు." తర్వాత నన్ను ఎక్కమన్నాడు. "యాభై అయిదు."

"రెండు కిలోలే కదా నాయనా, ఒక నెల తింటే వస్తాది" అన్నాడు మా అన్న.

నాయన లేచాడు. కాటా ఆపి, కవరు కప్పి, తాళం వేస్తూ, "ఆడ కాటా వేరే ఉంటాదిలే. పోయి ఆడెక్కు, చూసుకుందురు" అన్నాడు. ధైర్యం చెప్తున్నాడని అనుకున్నాం.

వాడు తిన్నాడు. పొద్దున కోడిగుడ్లు, మధ్యాహ్నం రెండు ముద్దల సంగటి, సాయంత్రం చెనిక్కాయలు, అరటిపండ్లు. అమ్మ నా పళ్లెంలో కూర తగ్గించి వాడికి వేసేది. ఆదివారాలు గడిచాయి. అరవై మూడు. అరవై మూడున్నర. మళ్లీ అరవై మూడు. తిన్నదంతా గ్రౌండులోనే కరిగిపోతోంది.

ఆ రోజుల్లో నంద్యాల రైల్వే స్టేషన్లో రూపాయి వేస్తే బరువు చూపే మిషను ఒకటి ఉండేది. ఒకసారి వాడు సరదాకి ఎక్కాడు. చీటీ వచ్చింది. అరవై అయిదు కిలోల రెండు వందల గ్రాములు. వెనక వైపు, త్వరలో శుభవార్త వింటారని అచ్చు వేసి ఉంది.

"నా మాటిను, ఇంకో కాటా యాడన్నా చూద్దాం" అన్నాను.

వాడు నవ్వాడు. "ఇది రూపాయి మిషనప్పా. ఎక్కినోడు సంతోషపడాలని రెండు ఎక్కువ కొడ్తాది. నాయన కాటా ఉండంగ ఇంకో కాటా ఏందిరా?"

నేను కూడా అలాగే అనుకున్నాను. ఆ చీటీని చదువుతున్న పుస్తకంలో పెట్టుకున్నాను. ఇప్పటికీ అందులోనే ఉంది.

ఆ నెలలోనే వాడు నంద్యాలలో ఒక జిమ్ముకు పోవడం మొదలుపెట్టాడు. తిండితో అయ్యే పని కాదని అక్కడి మనిషి చెప్పాడట. ముందు డబ్బాలో పొడి ఇచ్చాడు. తర్వాత మాత్రలు. తర్వాత సూదులు. ఆ మందుల పేర్లు వాడికి తెలియవు, నేను అడగలేదు.

మొదట ముఖం గుండ్రంగా అయింది. భుజాల మీద, వీపు మీద ఎర్రటి పొక్కులు వచ్చాయి. చిన్న మాటకు కసురుకోవడం మొదలైంది. ఒకసారి సంగటి వేడిగా లేదని అమ్మ ముందే పళ్లెం తోసేశాడు. అంతకుముందు వాడు ఇంట్లో గొంతు ఎత్తింది లేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే వాడి మెడ మీద నరం కొట్టుకోవడం కనిపించేది. ఊరికే కూర్చున్న మనిషికి అంత వేగంగా కొట్టుకుంటుందా అని నా మెడ మీద వేళ్లు పెట్టి చూసుకున్నాను. నాది అలా లేదు.

"ఏందిరా అట్ల చూస్తాండావ్?"

"ఏం లేదు."

ఒకరోజు వాడి సంచిలో ఖాళీ సీసా ఒకటి నాయన చేతికి దొరికింది. బొటనవేలంత ఉంది.

"ఏందిది?"

"సత్తువకు నాయనా. రెండు కిలోలకే."

నాయన ఆ సీసాను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. నేను పక్కనే ఉన్నాను, చూశాను. తర్వాత సీసాను కిటికీలో పెట్టి, "జాగ్రత్త" అని బయటికి పోయాడు.

సెలక్షన్ ముందు ఆదివారం మిల్లు కాటా అరవై అయిదున్నర చూపింది. మా అన్న కాటా మీదే ఎగిరాడు. అంకెలు చెదిరి మళ్లీ నిలబడ్డాయి. నాయన ఆ అంకెను చదవలేదు. మేమే చదువుకున్నాం. ఆ రోజు అమ్మ కోడిని కోసింది.

నంద్యాలలో ఆట రోజు పొద్దునే బరువులు చూశారు. అందరినీ చొక్కాలు విప్పించి వరసలో నిలబెట్టారు. ఆసుపత్రుల్లో ఉండేలాంటి కొత్త కాటా. మా అన్న కంటే ముందున్నవాడు దిగి, "ఇంటికాడ ఎంతో ఈడా అంతే ఉండాప్పా" అన్నాడు. మా అన్న ఎక్కాడు.

అరవై ఏడున్నర.

"పొట్టోడివి బరువుండావే" అన్నాడు రాసుకునే ఆయన.

మా అన్న నా వైపు తిరిగి బొటనవేలు చూపించాడు. పొద్దున తిన్న ఇడ్లీలన్నాడు. వాడికి ఇంకేమీ తట్టలేదు. నాకు తట్టింది. రూపాయి మిషను గుర్తొచ్చింది. ఆడ కాటా వేరే ఉంటాదిలే అన్న మాట గుర్తొచ్చింది. మిల్లులో ప్రతి బస్తాకు రెండు కిలోలు తగ్గుతున్నాయి. నాయనకు అది తెలుసు. మూడు నెలల కింద, మొదటి ఆదివారమే, మా అన్న అరవై అయిదు ఉన్నాడు.

ఆ రోజు వాడు మునుపటిలా ఆడలేదు. రెండుసార్లు చీలమండ దగ్గర దొరికిపోయాడు, జారలేకపోయాడు. అయినా ఆఖరి కూతలో ముగ్గుర్ని తాకి వచ్చాడు. సాయంత్రం చదివిన జాబితాలో వాడి పేరుంది. నెల తర్వాత క్యాంపు. అక్కడ మళ్లీ బరువు చూస్తారని, తగ్గితే ఇంటికి పంపిస్తారని చెప్పారు.

తిరుగు బస్సులో వాడికి చెప్పాలనుకున్నాను. నీకు ఏ మందూ అక్కర్లేదు, ఆపేయి అని. ఎందుకు అని అడిగితే కాటా సంగతి చెప్పాలి. కాటా సంగతి చెప్తే, గ్రౌండులో మాతో ఆడే ప్రతివాడి నాయననూ మా నాయన ఏం చేశాడో చెప్పినట్టే. వాడు ఊరుకునే మనిషి కాదు, అందరికీ చెప్పడానికి అక్కడే బస్సులో ఫోను తీసేవాడు. క్యాంపు అయ్యాక చెప్దామనుకున్నాను. కోవెలకుంట్ల రోడ్డు మలుపు దాటేవరకూ వాడు మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఇంకో మూడు కిలోలు చేస్తా చూడు. క్యాంపులో పొట్టోడా అన్నోణ్ని ముందు తాకి వస్తా."

"చాల్లేరా, ఇంక సూదులు వద్దు."

"నీకేం తెలుసురా."

పద్దెనిమిది రోజులకు, పొద్దున ఏడు గంటలప్పుడు, గ్రౌండులో రెండో చుట్టు పరిగెత్తుతూ వాడు కూర్చున్నాడు. కాలు పట్టిందనుకున్నాం. తర్వాత పక్కకు ఒరిగాడు. నంద్యాల తీసుకుపోయేసరికే అయిపోయింది. గుండె కండరం వాచి ఉందని డాక్టరు చెప్పి, ఏం వాడేవాడని అడిగాడు. కిటికీలోని సీసా సంగతి చెప్పాను. దీని మీద ఇంతకంటే రాయడానికి నా దగ్గర మాటలు లేవు, ఉన్నా వాడను.

సమాధి చేసిన తర్వాతి ఆదివారం నాయన చర్చి నుంచి నేరుగా మిల్లుకు పోయాడు. వెనకే వెళ్లాను. కాటా కవరు తీసి, కరెంటు పెట్టి, తన చోటులో కూర్చుని ఉన్నాడు. నేను చెప్పులు విడిచి ఎక్కాను.

"యాభై నాలుగు" అని చదివాడు.

"నిజం ఎంత నాయనా?"

ఆయన అంకెల వైపే చూస్తున్నాడు. 

"రెండు కలుపుకో" అన్నాడు. "ఆ సీసా చూసిన పొద్దే చెప్దామనుకుంటి. ఊరు ఏమంటాదో అని..." అన్నాడు. ఆ మాట పూర్తి చేయలేదు.

నేను కాటా దిగలేదు.

"నాకూ తెలుసు నాయనా. సెలక్షన్ పొద్దే తెలిసింది. వాడికి చెప్పలేదు."

అప్పుడు ఆయన తలెత్తి నా వైపు చూశాడు. మరునాడు వడ్ల ట్రాక్టర్లు వచ్చాయి. నాయన పోయి తన చోటులో కూర్చున్నాడు. ఎర్ర అంకెను ఎప్పటిలాగే పైకి చదివాడు, గుమాస్తా రాసుకున్నాడు.