మేతకు పోయిన అక్షరాలు

ఇప్పటి పిల్లలు ఫోనులో అ ఆలు దిద్దుతుంటే ముచ్చటేస్తుంది గానీ, దేశమంతటికీ చదువు నేర్పేస్తామని సర్కారు బయల్దేరిన ఆ రోజుల్లో నా చేతికి పలక కూడా రాలేదు. డిగ్రీ తప్పి ఖాళీగా తిరుగుతున్న నన్ను రాచర్ల దగ్గరి మా ఊళ్ళో వయోజనులకు పంతులుగా వేశారు. పుస్తకాలు వస్తున్నాయన్నారు. (ఇంకా వస్తూనే ఉన్నాయి.) నా బడికి మొదట వచ్చింది గొర్రెల పెద్దమ్మ. ఆమె కూతురు కాపురం దర్శిలో. ఒకసారి మార్కాపురం బస్టాండులో ఎవరో చెప్పిన మాట నమ్మి ఎక్కితే, శ్రీశైలం యాత్రికులతో కలిసి దోర్నాలలో దిగిందట. "ఒకర్ని అడక్కుండా బస్సెక్కాల నాయనా. ఆ ఒక్కటి నేర్పు, సాలు" అంది.

మా వైపు ఎవరి గొర్రెలో తెలియడానికి వీపు మీద జాజు, అదే ఎర్రమన్ను రంగు, పూస్తారు. పలకలు లేవు గనక నేను ఆ జాజుతోనే ఒక్కో గొర్రె మీద ఒక్కో అక్షరం రాశాను. సాయంత్రం మంద దొడ్లోకి వస్తుంటే పెద్దమ్మ, ఇంకొందరు ఆడవాళ్ళు వాకిట్లో నిలబడి పైకి చదివేవాళ్ళు. 'ద' ముందొచ్చి 'ర్శి' వెనకబడితే దాన్ని అదిలించి తెచ్చుకునేవాళ్ళు. (ఒత్తులన్నీ పొట్టేళ్ళ మీదే రాశాను, వీపు వెడల్పు గదా.) నా తెలివికి నేనే మురిసిపోతూ ఊరంతా తిరిగాను.

తనిఖీ అధికారి జీపులో దిగాడు. ఎప్పుడు? పట్టపగలు పదకొండింటికి! ఆ వేళకు ఊళ్ళో కుక్కలు తప్ప ఎవరుంటారు?

"నీ విద్యార్థులేరయ్యా?"

"మేతకు పోయినారు సార్."

"బోధనా సామగ్రి?"

"అదీ మేతకే పోయింది సార్."

నిజం చెబితే వెటకారమనుకున్నాడు. సాయంత్రం దాకా ఉండమని బతిమాలాను. గిద్దలూరులో ఆయన భోజనం చల్లారిపోతుందట! వారం తిరక్కుండా నా బడి మూసేశారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చదువు చెప్పే ముందు, వాళ్ళు ఇంటిపట్టున ఎప్పుడుంటారో, ఏం చదవాలనుకుంటున్నారో అడగొద్దూ? అదడగడానికి జీపెందుకు, నోరు చాలదా?

పెద్దమ్మ మాత్రం నన్ను వదల్లేదు. "ఆయప్ప మూస్తే మూసినాడు, గొర్రెలు మనయ్యే గదా" అని జాజు కలిపి తెచ్చింది. ఉగాది వెళ్ళాక ఒక్కతే దర్శి పోయి వచ్చింది. వస్తూనే మా గడప ముందు నిలబడి, "ఎవుర్నీ అడగలా నాయనా! బోర్డు సదివి ఎక్కినా. కండక్టరే నన్ను అడిగినాడు, యాడికవ్వా అని!" అంది.

ఇప్పుడు ఆ దారిలో మంద అడ్డొస్తే మా కారు డ్రైవరు హారన్ కొడతాడు. నేను కసురుకుంటాను. అద్దం దించి వీపులు చూస్తాను, అన్నీ ఉత్త జాజు చారలే. అయినా, తల నెరిసిన ఈ పంతులు ఒక్క 'ద' అన్నా కనబడుతుందేమోనని మంద చివరిదాకా చూస్తాడు.