పొయ్యిలోకని చేసిన పిడకలు

పొయ్యి వెలిగించబోయి కూరకు సరుకు పండించినవాణ్ణి మీరెక్కడా చూసి ఉండరు. చూడండి, నేనే. ఆ ఒక్క పూటలో అత్తగారి ముందు పరువు, బాపుతో పందెం, నా పుట్టగొడుగుల షెడ్డు, మూడూ గంగలో కలిపాను.

జగిత్యాల దగ్గర మా ఊళ్లో పుట్టగొడుగులు పెంచడం మొదలుపెట్టి అప్పటికి ఏడాది. వరిగడ్డి ఉడికించి, సంచుల్లో నింపి, విత్తనం చల్లి, రోజూ రెండు పూటలా పంపుతో నీళ్లు కొట్టాలి. షెడ్డంటే వేరే ఏదో కాదు, మా నాన్న, అదే మా బాపు, బర్రెల్ని కట్టేసే కొట్టమే. బర్లేమో బయట టార్పాలిన్ పరదా కింద నిలబడి నన్ను కోపంగా చూసేవి. కాపు అయిపోయిన గడ్డి వాకిలి నిండా గుట్టలు పడింది.

"గీ చెత్తంత ఏం జేస్తవ్ రా? నా బర్లు వానకు నానుతున్నయి. కొట్టం ఖాళీ జెయ్యి," అన్నాడు బాపు.

"చెత్త కాదు బాపూ! గంజి కలిపి ఒత్తితె పిడకలైతయి. ఇగ సిలిండర్‌తోని పనే లేదు."

రెండు వీడియోలు చూస్తే చాలు, శాస్త్రవేత్తనైపోయే జబ్బు నాకప్పట్లో ఉండేది.

"అట్లనా? మంగళారం మీ అత్తోళ్లు భైంసా నుంచి కొండగట్టుకు పోవుకుంట మనింట్ల తింటరు. నీ పిడకల మీద అన్నం ఉడికితె కొట్టం నీది. ఉడకకుంటె బర్లు లోపటికి, నువ్వు బయటికి."

"జర గూడ ఫికర్ జెయ్యకు!" అన్నాను.

వంద పిడకలు ఒత్తాను. అంతలో ముసురు పట్టింది. ఆరబెట్టే చోటు లేక కొట్టంలోనే, సంచుల పక్కన తడకల మీద పేర్చాను. అసలు ఘనకార్యం ఇక్కడుంది, వినండి. ఏడాదిగా కొట్టంలో అడుగుపెట్టగానే నా చెయ్యి తనంతట తానే పంపు అందుకునేది. కళ్లు ఫోన్లో, చెయ్యి పంపు మీద. అలా వారం రోజులు కొట్టంలో ఉన్న ప్రతి వస్తువునూ శ్రద్ధగా తడిపాను. పిడకల్ని కూడా.

మంగళవారం చుట్టాలు దిగారు. బాపు సిలిండర్‌ను పక్కింట్లో పెట్టి వచ్చాడు. పిడకల కోసం నేను కొట్టంలోకి వెళ్లి కొయ్యబారిపోయాను. పెళ్లికి బయల్దేరిన ఆడవాళ్ల కొప్పుల్లా ఒక్కో పిడక మీద ఒక్కో తెల్లటి పుట్టగొడుగుల గుత్తి! పాత గడ్డిలో విత్తనం ఇంకా చావలేదన్నమాట.

నా భార్య సుజాత నెత్తి పట్టుకుంది. "ఏందయ్య ఇది? మంట పెట్టుమంటె పంట పెట్టినవా?"

అయినా వెలిగించాను. అగ్గిపెట్టె అయిపోయింది గానీ అగ్గి పుట్టలేదు. పొగ మాత్రం ఇల్లంతా కమ్మేసింది. అత్తగారు దగ్గుతూ వచ్చి, "అల్లుడా, దోమలకు పొగవెడుతున్నరా?" అని అడిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

బాపు గొడ్డలి తీసుకెళ్లి కొట్టం తలుపు ఊడపీకాడు.

"బాపూ, తలుపు!"

"పాత టేకు. పైకి తడిసినా లోపట ఎండుగనే ఉంటది. సుట్టాలను పస్తు పండవెట్టాల్నా?"

తలుపు బ్రహ్మాండంగా మండింది. సుజాత పిడకల మీది గుత్తులన్నీ కోసి కూర వండింది. అక్కడ తలుపు లేని కొట్టం చూసి బర్లు పిలవకుండానే లోపలికి నడిచి, నా సంచులతో భోజనం మొదలుపెట్టాయి.

అత్తగారు మూడుసార్లు వడ్డించుకుంది. "కూర మస్తున్నది అల్లుడా. మాకు గూడ ఓ నాలుగు పిడకలు కట్టియ్యుండ్రి."

ఆ మెప్పుతో నాకు ప్రాణం లేచొచ్చింది. "సూసినవా బాపూ, అన్నమైతె ఉడికింది గద! కొట్టం నాదే."

బాపు చేయి కడుక్కుని నింపాదిగా తుడుచుకున్నాడు. "పిడక మీద అన్నం ఉడకలే బిడ్డా. అన్నంలకు పిడకే ఉడికింది."

కాబట్టి పాఠకమహాశయులారా, కొండగట్టు అంజన్న మీద ఒట్టేసి చెబుతున్నాను: పొయ్యిలో పెట్టదలచిన దేని మీదా ఇకపై చుక్క నీరు పడనివ్వను. ఒకవేళ పడిందా, దాన్ని తిరగమోత పెట్టి తినేస్తాను తప్ప అగ్గిపుల్ల గీయను.