పావంగుళం తక్కువైన తుపాకీ

తుపాకులు బాగుచేసేవాడి గురించి రాస్తానంటే వినేవాళ్ళు ముందే రెండు జట్లుగా చీలిపోతారు. ఒక జట్టుకి అతను స్వేచ్ఛకి కాపలాదారు, రెండో జట్టుకి చావు వ్యాపారి. మా లోయలో డెన్వర్ మోయర్స్‌ని చూస్తే రెండు జట్లూ నిరాశపడతాయి. అతని లోకమంతా తుప్పు, స్ప్రింగులు, ఎవరో తప్పు స్క్రూడ్రైవరుతో చెక్కేసిన మరలు. డెబ్భై రెండేళ్ళ మనిషి, వాటిలో ముప్ఫై ఎనిమిదేళ్ళు వీటితోనే గడిచిపోయాయి. అంతకుముందు పశ్చిమ వర్జీనియా రోడ్ల శాఖలో ఇనుము చెక్కే లేతు తిప్పేవాడు. శాఖ ఆ లేతుని పాతదని అమ్మేస్తే తనే కొనుక్కుని ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టుకున్నాడు.

2015 మార్చిలో ఒక మంగళవారం ఉదయం ఎనిమిదింటికి రూతాన్ స్పొనాగిల్ రైఫిల్ పట్టుకుని ఆ షెడ్డుకి వచ్చింది. నలభై ఏడేళ్ళ మనిషి. పొద్దున, సాయంత్రం బడి బస్సు నడుపుతుంది, మధ్యలో గొర్రెలు మేపుతుంది. ఈనే కాలం కావడంతో మోచేతుల దాకా గొర్రె వాసన కొడుతోంది.

"ఒక తూటా పేలుతుంది, రెండోది ఎక్కదు," అంది బల్ల మీద పెడుతూ. "నిన్న రెండు కొయొటీ నక్కలు వచ్చాయి. ఒకదాన్ని పడగొట్టాను. రెండోది నన్ను చూసి నవ్వి, గొర్రెపిల్లని నోట కరుచుకుని పోయింది."

"నవ్విందా?"

"మీరు నవ్వకండి చాలు. ఇవ్వాళే కావాలి డెన్వర్. పందొమ్మిది పిల్లలున్నాయి దొడ్లో."

డెన్వర్ గొట్టాన్ని పట్టుకుని కదిపి చూశాడు. గొట్టం మధ్యలో, పేలిన గ్యాసుని పట్టి తర్వాతి తూటాని ఎక్కించే దిమ్మ వదులైంది. అది మార్చాలంటే మూతి వైపు నుంచే జారి బయటికి రావాలి. మూతికేమో ఉక్కు తొడుగు ఉంది. ఆ తొడుగు మామూలుగా మర తిప్పితే వచ్చేది కాదు. పక్కన చిన్న బెజ్జం వేసి, చీల దిగ్గొట్టి, పైన వెల్డింగు చుక్క పెట్టి, జన్మలో ఊడకుండా చేసిన తొడుగు. చేసింది డెన్వరే.

ఇలా ఎందుకు చేస్తారంటే, మా అమెరికాలో రైఫిల్ గొట్టం పదహారు అంగుళాలకి తగ్గితే అనుమతి లేకుండా ఉంచుకోవడం నేరం. పదేళ్ళ దాకా జైలు. గొట్టం పొట్టిగా ఉంటే తొడుగుని శాశ్వతంగా అతికించేస్తారు. అప్పుడు తొడుగు కూడా గొట్టం కిందే లెక్క. రూతాన్ రైఫిల్ ఏడేళ్ళ కిందట ఇనప గేటు కింద పడి మూతి పగిలింది. డెన్వర్ ఆ ముక్క కోసేసి, తొడుగు వేసి, పొడుగు సరిచేశాడు.

"నేను కట్టిన ముడి నేనే విప్పాలన్నమాట," అన్నాడు.

"మీ ముడి ఊడదని లోయంతా చెప్పుకుంటారు."

"అదే గదా తంటా. ఒంటిగంటకి రా."

పని మొదలుపెట్టే ముందు కొలవడం డెన్వర్ అలవాటు. తీసేదాని పొడుగు తెలిస్తేనే పెట్టేదాని పొడుగు తెలుస్తుంది. రైఫిల్ గొట్టాన్ని లోపలి నుంచి కొలవాలి. గొట్టానికి వెనక మూతలా ఉండే బోల్టు మూసి, మూతిలోంచి సన్నటి కర్ర జారవిడిచి, అది బోల్టుకి తగిలాక మూతి దగ్గర గీత పెట్టి, బయటికి తీసి టేపు మీద చూడాలి. చూశాడు. పదిహేనుముప్పావు.

మళ్ళీ చూశాడు. కర్ర మార్చాడు. టేపు సాగిందేమోనని రెండో టేపు తెచ్చాడు. దాన్నీ అనుమానించి ఉక్కు స్కేలు తీశాడు. పదిహేనుముప్పావు.

తప్పు ఎక్కడ జరిగిందో అర్థమవడానికి నిమిషం పట్టలేదు. కొత్తగా పని నేర్చినవాడు రైఫిల్ మొత్తం బిగించి, పుస్తకంలో చెప్పినట్టు కర్ర వేసి కొలుస్తాడు. ముప్ఫై ఏళ్ళు చేసినవాడు తన టేపుని నమ్ముతాడు. ఏడేళ్ళ కిందటి ఆ నవంబరులో, జింకల వేట మొదలయ్యే ముందువారం, షెడ్డులో తుపాకులు వరస కట్టి ఉంటే, డెన్వర్ ఒంటి గొట్టాన్ని వైస్‌లో బిగించి, కొస నుంచి కొసకి బయట టేపు పెట్టి కొలిచాడు. కానీ గొట్టం వెనక కొసలో బోల్టు దూరే గూడు ఉంటుంది. దాదాపు అరంగుళం. అది లెక్కలోకి రాదు.

ఏడేళ్ళు. ఆ రైఫిల్ ఆమె ట్రక్కులో ఎన్నిసార్లు పట్నం వెళ్ళిందో. అగ్నిమాపక దళం విందు రోజున గురి పోటీలో దాంతోనే రెండో బహుమతి కొట్టింది. పక్కన నిలబడి చప్పట్లు కొట్టినవాళ్ళలో పోలీసులున్నారు. కేసు నిలబడకపోవచ్చు. కానీ కేసు పెట్టారన్న మాట చాలు, బడివాళ్ళు బస్సు తాళాలు లాక్కోవడానికి.

బయట ట్రక్కు ఆగింది. డెన్వర్ కిటికీలోంచి చూశాడు. మా లోయ పోలీసు, షెరీఫు డిప్యూటీ కెర్మిట్ ప్రాప్స్ట్.

రైఫిల్‌ని పట్టి ఉంచే రెండు చీలలూ బొటనవేలితో నొక్కి తీసి, పైభాగం కిందిభాగం విడదీశాడు. గొట్టమున్న సగాన్ని దాణా సంచి కింద తోశాడు. గీత పెట్టిన కర్ర మాత్రం బల్ల మీదే మర్చిపోయాడు.

"నా షాట్‌గన్ అయిందా ముసలాయనా?" కెర్మిట్ లోపలికొచ్చి, ఊరికే చెయ్యి ఊరుకోక, ఆ కర్ర తీసి వీపు గోక్కున్నాడు. "చెమటలు పడుతున్నాయేంటి? స్టవ్వు కూడా ముట్టించలేదు."

"మాత్రలు మార్చారు."

"మా అమ్మకీ అంతే. పొద్దున్నే వేసుకోవద్దని చెప్పండి డాక్టరుకి." కర్రని కిందా మీదా చూశాడు. "ఇదేంటి, చేపల గాలానికా?"

"నీ వీపుకే. పట్టుకుపో."

కెర్మిట్ నవ్వి కర్ర బల్ల మీద పడేసి, షాట్‌గన్ తీసుకుని వెళ్ళిపోయాడు. ట్రక్కు మలుపు తిరిగాకే డెన్వర్ దాణా సంచి కింద నుంచి గొట్టం బయటికి తీశాడు.

పదకొండింటికి భార్య ఒలీటా చిక్కుడుగింజలు, మొక్కజొన్న రొట్టె పళ్ళెంలో తెచ్చింది. మళ్ళీ వచ్చి, తినలేదని చూసి, తలుపు మూసి, "చెప్పు," అంది. చెప్పాడు.

"ఎలాగూ ఆ తొడుగు తీసెయ్యమనే గదా తెచ్చింది?" అంది ఒలీటా. "తీసి పొడుగుది పెట్టు. పాతది తుక్కులో వెయ్. చుక్కతో సహా పోతుంది. ఎవరికి తెలుస్తుంది?"

అక్కడే ఉంది చిక్కంతా. రూతాన్ అడిగిన పనే అతని తప్పుకి సాక్ష్యాన్ని చెరిపేస్తుంది. అబద్ధం కూడా ఆడక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు. డెన్వర్ చర్చిలో ప్రతి ఆదివారం వెనక బెంచీలో నిద్రపోయే మనిషి. అంతరాత్మ అనే మాట అతని నోట నేను వినలేదు. ఆ క్షణంలో అతన్ని ఆపిందీ అది కాదు.

"ఆ వారంలో ఇదొక్కటే చెయ్యలేదు ఒలీటా," అన్నాడు. "ఇంకా ఆరు చేశాను. అన్నీ అదే వైస్‌లో, అదే టేపుతో."

ఒలీటా బోర్లించిన బకెట్టు మీద కూర్చుండిపోయింది. పళ్ళెం అతని ముందుకి తోసి, "అయితే తిను," అంది. "ఖాళీ కడుపుతో డ్రిల్లు పట్టకు."

వెల్డింగు చుక్కని ఆకురాయితో అరగదీస్తే చీల తల కనపడింది. చీలని డ్రిల్లుతో తియ్యాలి. వెంట్రుకవాసి ఎక్కువ లోతుకి వెళ్తే గొట్టం లోపలికే బెజ్జం పడుతుంది, రైఫిల్ పనికిరాకుండా పోతుంది. ఏడేళ్ళ కిందట ఎంత లోతు దించాడో అతనికే గుర్తులేదు. కొలత తప్పినవాడు లోతు తప్పలేదని నమ్మకమేంటి? డ్రిల్లు ఒక చుట్టు తిప్పడం, ఆగడం, ఊదడం, టార్చి వేసి చూడటం. పన్నెండుంపావుకి రజను రంగు మారింది. చీల అయిపోయింది. తొడుగు మొదట మొరాయించి, తర్వాత కీచుమని ఒక్క చుట్టు తిరిగింది. గొట్టంలోకి టార్చి వేశాడు. లోపల నున్నగా ఉంది.

కొత్త దిమ్మ ఎక్కించాడు. పాతదానికంటే అరంగుళం పొడుగున్న తొడుగు బిగించి, చీల దిగ్గొట్టి, వెల్డింగు చుక్క పెట్టాడు. ఒంటిగంటకి రూతాన్ వచ్చేసరికి ఉక్కు ఇంకా వెచ్చగానే ఉంది.

"కొలువు," అన్నాడు, కర్రా పెన్సిలూ ఆమె చేతికిస్తూ.

"నేనెందుకు?"

"నా కొలత మీద నాకు నమ్మకం పోయింది."

ఆమె కొలిచింది. పదహారుంపావు. అప్పుడు అతను పాత తొడుగు బల్ల మీద పెట్టి, కర్ర మీది పొద్దుటి గీత చూపించి, ఉన్నదున్నట్టు చెప్పాడు. రూతాన్ ఆ గీత మీద వేలు పెట్టింది.

"ఏడేళ్ళా?"

"ఏడేళ్ళు."

"చెప్పకుండా ఉండొచ్చుగా," అంది. గొంతులో కోపం ఉంది. "పొద్దున దాకా హాయిగా ఉన్నాను. ఇప్పుడు పోలీసు ట్రక్కు కనపడ్డప్పుడల్లా ఈ గీతే గుర్తొస్తుంది, తుపాకీ బాగైనా సరే. ఎవరికోసం చెప్పారు, నాకోసమా మీకోసమా?"

ఆమె ప్రశ్న న్యాయమైనదే. నిజం చెప్పినవాడి బరువు దిగుతుంది, విన్నవాళ్ళకి ఎక్కుతుంది. దీన్ని ఎవరూ ఉపన్యాసాల్లో చెప్పరు.

"ఇంకా ఆరున్నాయి," అన్నాడు మెల్లగా. "నీకు చెప్పకపోతే వాళ్ళకీ చెప్పలేను. ఎవరికైనా ముందు చెప్పాలిగా."

"అంటే నా మీద సాధన చేశారన్నమాట."

"నువ్వు తుపాకీ ఎత్తి కొట్టవని."

రూతాన్ నవ్వలేదు. కానీ వెళ్ళనూ లేదు. గొర్రెలు కాస్తున్న మనిషి, మూడింటికి బస్సు ఎక్కాల్సిన మనిషి, స్టూలు లాక్కుని కూర్చుంది. "పుస్తకం తియ్యండి. ఎవరెవరు?"

వచ్చిన ప్రతి తుపాకీ, పోయిన ప్రతి తుపాకీ రాసుకోవాలని చట్టం. 2007 నవంబరు పేజీ తీశాడు. వేలు పెట్టి చదువుతూ మొదటి పేరు దగ్గరే ఆగిపోయాడు. రూతాన్ అతని భుజం మీద నుంచి వంగి చూసింది.

"అయ్యో దేవుడా," అంది నెమ్మదిగా. ఆ రోజు మొదటిసారి ఆమె పెదవి మీద నవ్వు కదిలింది. "ఫోన్ నేను చెయ్యనా?"

"వద్దు. నేనే చేస్తాను."

గోడ ఫోన్ తీసి నంబరు తిప్పాడు. రెండోసారి మోగగానే అవతలివాడు ఎత్తాడు.

"కెర్మిట్, నేను డెన్వర్‌ని. నీ పొట్టి రైఫిల్ ఒకటుంది చూడు, జింకల వేట ముందు నా దగ్గర చేయించుకున్నావ్. దాన్ని తీసుకురా. ముందు రెండు ముక్కలుగా విడదీసి తీసుకురా. ఎవరికీ చూపించకు."

కెర్మిట్ ఎక్కడో తలుపు మూసిన శబ్దం వినిపించింది. పొద్దున వీపు గోక్కున్నవాడి గొంతులా లేదది.

"ఎంత తక్కువ?" అని అడిగాడు.